వామనవృక్షము - ఆశ్రితరక్షణము

శ్రీ విష్ణుసహస్రనామములలో న్యగ్రోధుడు, ఉదుంబరుడు, అశ్వత్థుడు అను మూడు నామములు వరుసగా వచ్చును. లోకవ్యవహారమున మొదటిది మఱ్ఱి, రెండవది మేడి, మూడవది రావి. ఈ మూడును ఒకే జాతి వృక్షములు. మూడింటను గిల్లిన చోట పాలు కారును. మూడింటను పువ్వు కంటికి కనబడక కాయలోపలనే దాగియుండును. వ్యాఖ్యాతలు ఈ నామములకు లోతైన అర్థములు చెప్పియున్నారు. అయినను నిత్యము పారాయణ చేయు సామాన్యభక్తుని కన్నుల యెదుట ఆ క్షణమున నిలుచునవి చెట్లే. గీతలో విభూతియోగమున వృక్షములన్నిటిలో తాను అశ్వత్థమని భగవానుడే సెలవిచ్చెను. ప్రళయజలధిలో శిశువై పవళించుటకు ఆయన ఎన్నుకొన్న పాన్పు మఱ్ఱియాకు.

అట్టి మఱ్ఱిని నేడు కొందఱు గృహస్థులు జానెడు తొట్టిలో పెంచుచున్నారు. దీనికి జపాను భాషలో బోన్సాయ్ అని పేరు. తొట్టిలో నాటినది అని ఆ మాటకు అర్థము. ఆ విద్య చీనాదేశమున పుట్టి జపానులో పెరిగినది. తెలుగువారు దీనిని వామనవృక్షమని వ్యవహరించుచున్నారు. ఈ పేరు ఎవరు పెట్టిరో గాని, ఒక ధర్మప్రశ్నను ఆ పేరులోనే ఇమిడ్చిరి.

స్వామి వామనుడైనది స్వేచ్ఛచేత. ఆయనను ఎవ్వరును కురుచ చేయలేదు. దేవకార్యము కొఱకు తానే పొట్టివాడై, సమయము వచ్చినపుడు తానే త్రివిక్రముడై లోకములను కొలిచెను. తొట్టిలోని మఱ్ఱి వామనమైనది పరేచ్ఛచేత. కొమ్మ కత్తిరించినది మనుష్యుడు. వేరు కత్తిరించినది మనుష్యుడు. పిడికెడు మట్టిలో ఉండుమని ఆజ్ఞాపించినదియు మనుష్యుడే. కదిరి ప్రాంతమున తిమ్మమ్మ మఱ్ఱిమాను నాలుగెకరములకు పైగా నేలను కప్పియున్నది. ప్రపంచమున అన్నిటికంటె విశాలమైన మఱ్ఱియని 1989లో గిన్నిస్ గ్రంథమునకు ఎక్కినది. ఆ మానులోని బీజశక్తియే తొట్టిలోని చెట్టులోను ఉన్నది. ఇది త్రివిక్రముడు కాలేని వామనము. కావున ప్రశ్న ఇది: ఒక జీవిని తన ఇష్టముచేత కురుచ చేసి, తన ఇంట నిలిపికొన్నవానికి, ఆ జీవి వాడిపోవునపుడు కర్తవ్యమేమి?

దీనిని విచారించుటకు ఒక సంసారమును ఊహింతము. ఇది ఏ ఊరనైనను జరుగదగినదే గాని, కర్నూలు, కడప ప్రాంతములవారికి మఱింత పరిచితము. ఈ సీమలోని ప్రాతగుళ్ళ గోపురములను తలయెత్తి చూచినచో, ఇటుకల సందున ఒక రావియో మఱ్ఱియో మొలచి కనబడుట అరుదు కాదు. పక్షి పండు తిని వేసిన రెట్టలోని విత్తనము గుప్పెడు దుమ్ములో, నాలుగు చినుకుల తడిలో మొలకెత్తును. అది పెరిగినచో వేళ్ళు రాళ్ళను చీల్చును; కట్టడము పగులును. కావున గోపుర సంరక్షణకై ఆ మొక్కను పెకలింపవలసియే వచ్చును. అట్లు పెకలించి పాఱవేసిన మొక్కను ఒక వృద్ధుడు దయతలచి ఇంటికి తెచ్చి, వెడల్పైన మట్టితొట్టిలో నాటెననుకొందము. ఇంటి తూర్పు వసారాలో ముప్పదియేండ్లు దానిని కాపాడెను. చెట్టు మూరెడు ఎత్తున, లావైన మొదలుతో, రెండు ఊడలతో, చిన్న ఆకులతో ఇంటికి అలంకారమై నిలిచినది.

కాలవశమున వృద్ధుడు పరమపదించెను. కుమారుడు పితృభక్తి గలవాడు. నాయనగారి చేతి చెట్టు వాకిట ఎండలో, దుమ్ములో ఉండుట అతనికి నచ్చలేదు. లోపలికి తెచ్చి పూజామందిరమున శ్రీనివాసుని పటము ప్రక్క నుంచెను. తులసికి పోసినట్లే ప్రతిదినము దీనికిని స్నానానంతరము చెంబెడు నీరు పోయుచుండెను. నేల తడియగూడదని తొట్టి క్రింద లోతైన పళ్ళెము పెట్టెను. నెల తిరుగకమునుపే ఆకులు పసుపుబాఱినవి, రాలసాగినవి. అతడు కలతచెంది నీరు రెండుపూటల పోసెను. ఎరువు వేసెను. ఆకులు మఱింత రాలినవి. నాయనగారికి ఇచ్చిన మాట తప్పినట్లు అతనికి రాత్రులు నిద్ర పట్టలేదు.

ఈ కుమారునియందు లోపమేమి? ప్రేమకు కొదువ లేదు. శ్రమకు కొదువ లేదు. భక్తికి కొదువ లేదు. అయినను చెట్టు చచ్చుచున్నది. ఇచ్చటనే ధర్మము సూక్ష్మమైనది. అతడు చెట్టును ప్రేమించెను గాని చెట్టును చూడలేదు. తనకు పవిత్రమైన చోటు చెట్టునకును మేలైన చోటని తలచెను. దీపపు వెలుగు స్వామికి అర్పణము. ఆకునకు అన్నము కాదు. ఆకునకు అన్నము సూర్యుని వెలుగు. తులసికి తగిన నియమము మఱ్ఱికి తగినదని భావించెను. వాకిటి తులసికోటలో తడి నేలలోనికి దిగిపోవును. ఇచ్చట పళ్ళెములో నీరు నిలిచినది. నిలిచిన నీటిలో వేళ్ళకు గాలి అందదు. గాలి అందని వేరు కుళ్ళును. కుళ్ళిన వేరు నీరు పీల్చలేదు. కావున తొట్టినిండ నీరుండగా చెట్టు దాహముతో వాడును. వాడిన ఆకును చూచి యజమాని మఱల నీరు పోయును. రోగమునకు మందనుకొన్నదే రోగమునకు మూలమగుట ఇట్టిది. నీటిబొట్టు విలువ ఎఱిగిన ఈ సీమలో, మితిమీఱిన నీటిచేత ఒక చెట్టు చచ్చుట మఱింత శోచనీయము.

పూర్వులు ఈ విషయమును ఎఱుగనివారు కారు. సుమారు పదునాలుగు, పదునైదు శతాబ్దముల క్రిందట వరాహమిహిరుడు బృహత్సంహితలో వృక్షాయుర్వేదమునకు ఒక అధ్యాయమునే కేటాయించెను. చలి, గాలి, ఎండలచేత చెట్లకు వ్యాధి పుట్టుననియు, ఆకులు పాలిపోవుట, చిగుళ్ళు పెరుగకుండుట, కొమ్మలు ఎండుట, రసము కారుట దాని లక్షణములనియు చెప్పెను. చికిత్సలో మొదటిపని చెడిన భాగమును శస్త్రముతో శుద్ధిచేయుట అనెను. నాటిన చెట్లకు నీరు ఎప్పుడు పోయవలెనో కూడ విధించెను: వేసవిని ఉదయము, సాయంకాలము, చలికాలమున దినము విడిచి దినము, వానకాలమున నేల ఎండినపుడు మాత్రమే. నియమమునకు ఆధారము పోయువాని దినచర్య కాదు, నేలయొక్క తడి అని దీని భావము. సురపాలుడు రచించిన వృక్షాయుర్వేదము మనుష్యులకు వలెనే చెట్లకును వాత పిత్త కఫ భేదముచేత రోగములను నిరూపించినది. ఆ గ్రంథము ఆంగ్లానువాదముతో 1996లో సికింద్రాబాదునుండియే వెలువడినది. మనుస్మృతి చెట్లకు అంతస్సంజ్ఞ కలదనియు, సుఖదుఃఖములు కలవనియు స్పష్టముగా పలికినది. లోపల తెలివి ఉండి వెలుపల మాట లేని జీవికి సేవ చేయువాడు దాని మాటను ఆకులో, మట్టిలో, వేరులో వినవలెను.

కావున ఆ కుమారుడు చేయదగినదేమి? మొదట చెట్టు బ్రతికియున్నదా యని చూడవలెను. సన్నని కొమ్మమీద బెరడును గోటితో కొంచెము గీరినచో లోపల పచ్చదనము కనబడిన, ప్రాణమున్నట్లే. గోధుమవన్నెగా ఎండియున్న, ఆ కొమ్మను వదలి క్రిందికి వచ్చి మఱల గీరి చూడవలెను. మొదలు పచ్చగానున్నంతవఱకు ఆశ విడువరాదు. తరువాత చెట్టును తొట్టినుండి మెల్లగా వెలికిదీసి వేళ్ళను పరీక్షింపవలెను. గట్టిగా, లేతవన్నెలోనున్నవి ఆరోగ్యము గలవి. నల్లబడి, మెత్తబడి, దుర్గంధము వచ్చునవి కుళ్ళినవి. వానిని పదునైన శుభ్రమైన కత్తెరతో తీసివేయవలెను. బంకమట్టి మాని, గరుకు ఇసుక, చిన్న ఇటుకముక్కలు, కొంత మాగిన ఎరువు కలసిన, నీరు నిలువని మట్టిలో నాటవలెను. తొట్టి అడుగున రంధ్రములు తెఱచియుండవలెను. ఒకమాఱు నీరు అడుగునుండి కాఱువఱకు నిండుగ పోసి, మఱల వ్రేలు మట్టిలో గ్రుచ్చి చూచి, పైమట్టి ఆఱిన తరువాతనే పోయవలెను. కోలుకొను చెట్టునకు బలమైన ఎరువు పనికిరాదు. లంఖణము చేసి లేచినవానికి పిండివంటలు వడ్డింపము గదా!

వెలుగు విషయములోను తొందరపాటు కూడదు. చీకటిగదిలో నెలలు గడపిన ఆకులు కర్నూలు వేసవియెండను ఒక్క దినమైనను ఓర్వలేవు. ఈ ప్రాంతమున ఎండ 40 డిగ్రీలు దాటుట ఏటేట జరుగునదే. కడపరాళ్ళు పఱచిన మిద్దెమీద తొట్టి పెట్టినచో, ఆ రాళ్ళ వేడిమికి వేళ్ళు ఉడికిపోవును. మొదట తూర్పు వసారాలో, ఉదయపుటెండ మాత్రము తగులునట్లు ఉంచి, క్రమముగా వెలుగును పెంచవలెను. ఒక స్థలము కుదిరిన తరువాత మాటిమాటికి మార్చరాదు. మఱ్ఱిజాతి చెట్లు చోటు మారినపుడు ఆకులు రాల్చుట స్వభావము. మేలైన చోటికి మార్చినను రాల్చును. ఇది చాలమంది ఎఱుగని మాట. సరియైన పని చేసిన తరువాత కూడ కొన్నివారములు చెట్టు మోడుగా కనబడవచ్చును. ఆ దినములే యజమానికి పరీక్ష. ఏమియు చేయకుండ, కాని వదలిపెట్టకుండ, ప్రతిదినము చూచుచు ఉండుట అన్నిటికంటె కఠినమైన సేవ.

ఈ విషయమై మహాభారతము ఆనుశాసనిక పర్వమున ఒక రమ్యమైన కథ కలదు. ఆనృశంస్యము, అనగా క్రూరత్వము లేని కరుణ, దాని గుణమెట్టిదని ధర్మరాజు అడుగగా భీష్ముడు చెప్పినది. కాశీరాజు దేశమున ఒక బోయ జింకను కొట్టబోయి గుఱి తప్పి విషపుబాణమును ఒక మహావృక్షమునకు నాటెను. విషము తలకెక్కి చెట్టు ఎండినది. ఆకులు, పండ్లు రాలినవి. దాని తొఱ్ఱలో చిరకాలముగా నివసించు చిలుక మాత్రము కదలలేదు. చెట్టుతోపాటు తానును శుష్కించుచుండెను. ఇంద్రుడు బ్రాహ్మణవేషమున వచ్చి, ఈ అడవిలో పచ్చని చెట్లు ఎన్నో యుండగా ఈ మోడును ఏల పట్టుకొని యున్నావని అడిగెను. తాను ఇచ్చటనే పుట్టితిననియు, ఇచ్చటనే పెరిగితిననియు, ఇది శత్రువులనుండి తన్ను కాపాడినదనియు, బాగున్ననాడు ఆశ్రయించి కీడు మూడిననాడు ఎట్లు విడువగలననియు చిలుక బదులు చెప్పెను. ఇంద్రుడు సంతసించి వరము కోరుమనగా, అది తనకొఱకేమియు కోరక, చెట్టు మఱల చిగుర్చవలెనని కోరెను. ఇంద్రుడు అమృతము చిలుకరించెను, చెట్టు లేచినది.

ఈ కథలో చిలుక చెట్టును ఆశ్రయించినది. తొట్టిలోని మఱ్ఱి విషయమున చెట్టే మనుష్యుని ఆశ్రయించియున్నది. ఆశ్రయించిన చిలుకకే విడువరానంత ధర్మమున్నపుడు, ఆశ్రయమిచ్చినవానికి ఎంత ఉండవలెను!

ఇది ఒక్క తొట్టిచెట్టు మాటయే కాదు. తుంగభద్రకు ఆవల, మహబూబ్‌నగర్ సమీపమున పిల్లలమఱ్ఱి యను మహావృక్షము కలదు. దాని వయస్సు సుమారు 700 ఏండ్లని చెప్పుదురు. దానిని చూడవచ్చినవారు ప్రేమతోనే వచ్చిరి. కాని ఆ ప్రేమలో కొందఱు కొమ్మలమీద కూర్చుండిరి, ఊగిరి. మఱియొకవైపు చెదలు లోపల దొలుచుచుండెను. 2017 డిసెంబరులో ఒక పెద్దకొమ్మ విఱిగి పడెను. అధికారులు సందర్శకులను ఆపిరి. మొదట మొదలునకు రంధ్రములు చేసి మందు ఎక్కింపజూచిరి. అది లోపలికి సరిగా దిగలేదు. అప్పుడు 2018లో, రోగికి సెలైన్ ఎక్కించినట్లు, చెదలమందు కలిపిన వందలాది సీసాలను కొమ్మలకు వ్రేలాడదీసి బొట్టుబొట్టుగా ఎక్కించిరి. బరువైన కొమ్మలకు ఆధారముగా స్తంభములు కట్టిరి. లేత ఊడలను గొట్టములలోనుండి నేలకు దింపిరి. చెట్టు మఱల కోలుకొనసాగినది. ఇచ్చటను క్రమము అదియే: మొదట హాని చేయు ప్రేమను ఆపుట, తరువాత రోగమెక్కడనో చూచుట, ఒక ఉపాయము ఫలింపనిచో చెట్టును నిందింపక ఉపాయమును మార్చుట, ఆపైన ఓర్పు.

అయినను మహావృక్షమునకును తొట్టివృక్షమునకును ఒక భేదము కలదు. నేలలోని మఱ్ఱి కఱవు వచ్చినపుడు వేరును ఇంకను లోతునకు పంపి నీరు వెదకికొనగలదు. న్యగ్రోధ శబ్దమే క్రిందికి పెరుగునది అను అర్థమును సూచించును. తొట్టిలోనిదానికి ఆ మార్గము మూసివేయబడినది. సంప్రదాయమున మర్కటకిశోర న్యాయము, మార్జారకిశోర న్యాయము అని రెండు ఉపమానములు ప్రసిద్ధములు. కోతిపిల్ల తల్లిని తాను పట్టుకొనును. పిల్లిపిల్లను తల్లియే నోట కఱచుకొని పోవును. ఆ న్యాయముల తారతమ్యచర్చ ఇచ్చట అప్రస్తుతము. తొట్టిలోని మఱ్ఱి పిల్లిపిల్ల వంటిది అనుట మాత్రము నిర్వివాదము. దానికి స్వప్రయత్నము లేదు. వేఱొక గతి లేదు. ఆకించన్యము, అనన్యగతిత్వము అని పెద్దలు శరణాగతునకు చెప్పిన రెండు లక్షణములును దానియందు సంపూర్ణముగా నున్నవి. ప్రతిదినము స్వామియెదుట తాను అకించనుడనని, అనన్యగతినని విన్నవించుకొను భక్తుడు, తన ఇంట అదే స్థితిలోనున్న జీవిని ఏ కన్నుతో చూచుచున్నాడు? భగవంతుడు తనను రక్షించునపుడు తన స్వభావమును, తన పాత్రతను ఎఱిగి రక్షింపవలెనని కోరుకొనును గదా! తాను రక్షకుడైనపుడు మాత్రము తన ముచ్చటను బట్టి రక్షించుట న్యాయమగునా?

ఈ మాట చెట్టుతో ఆగునది కాదు. పల్లెలో డెబ్బదియేండ్లు అరుగుమీద కూర్చుండి, వచ్చిపోవువారిని పలుకరించుచు, వేపనీడను బ్రతికిన తండ్రిని కుమారుడు ప్రేమతో బెంగుళూరికో హైదరాబాదుకో తీసికొనిపోవును. అయిదవ అంతస్తులో చల్లని గది ఇచ్చును. వేళకు మందులు, అడుగకమునుపే ఆహారము. తండ్రి మెల్లగా చిక్కిపోవును, మాట తగ్గును. ఇంత చేసినను సంతోషము లేదేమని కుమారుడు నొచ్చుకొనును. ఆయన కృతఘ్నుడు కాడు. చోటు మారి ఆకు రాల్చుచున్నాడు. ఆయనకు వలసినది ఇంకొక గ్లాసు పాలు కాదు. ఉదయపుటెండ తగులు ఒక కుర్చీ, పేరుపెట్టి పలుకరించు ఒక మనిషి, ఏటికొకమాఱు ఊరి తిరునాళ్ళు. అతిగా పోయు నీటిని తగ్గించి, తక్కువైన వెలుగును ఇచ్చుటయే అచ్చటను చికిత్స.

అట్లైన చెట్టును అసలు తొట్టిలో పెంచుటయే పాపమా యని కొందఱు అడుగుదురు. గోపురముమీద మొలచిన మొక్కకు తొట్టి ప్రాణదానమే. పెంచుట దోషము కాదు. పెంచి ఆ ఋణమును మఱచుట దోషము. కొమ్మ కత్తిరించిన ప్రతిమాఱు యజమాని ఒక బాధ్యతను తలకెత్తుకొనుచున్నాడు. ఆ బాధ్యత వహింపజాలని దినము వచ్చినచో, తొలకరి వానలు కురిసిన తరువాత, చెఱువుకట్టమీదనో, కట్టడములకు దూరముగా ఊరి బయలునందో దానిని నేలకు అప్పగించుట ధర్మము. వామనుని మఱల త్రివిక్రముడు కానిచ్చుట అదియే. కాని వాడిన చెట్టును విసిగి పెరటిమూల పాఱవేయుటకు దానమని పేరు పెట్టరాదు. ముందు బ్రతికించి, తరువాత విడువవలెను.

అహోబిలమున నవనారసింహ స్థానములలో ఛత్రవటము ఒకటి. 2022 వఱకు కర్నూలు జిల్లాలోను, ఇప్పుడు నంద్యాల జిల్లాలోను ఉన్న ఆ క్షేత్రమున, స్తంభము చీల్చుకొని వచ్చిన ఆ ఉగ్రమూర్తియే గొడుగువంటి వటవృక్షపు నీడను ప్రసన్నుడై కూర్చుండి, హాహా హూహూ గంధర్వుల గానము వినెనని పెద్దలు చెప్పుదురు. లోకములకెల్ల నీడనిచ్చు స్వామి ఒక చెట్టు నీడను స్వీకరించెను. ఆయనకు నీడ పట్టిన జాతి చెట్టొకటి, పొట్టిదై, నోరులేనిదై, మన వసారాలో మన చెంబెడు నీటికి ఎదురుచూచుచున్నదని తెలిసికొన్నవాడు దానిని ఉపేక్షింపడు. తన ముచ్చటకొఱకు దానిని పీడింపడు.

ఆశ్రయించినవారి స్వభావమెఱిగి సేవించు బుద్ధిని, ఆకు రాలిన దినములలో విడువకుండ నిలుచు ఓర్పును శ్రీ లక్ష్మీనృసింహుడు మన గృహములందు ప్రసాదించు గాక!